క్లాన్ సభ్యత్వ కార్డుల మీద పేర్లకు నల్ల పట్టీలు దేనికి?

గోదారిగట్టు
అమెరికాలో ఒక చిన్న కౌంటీ మ్యూజియం వాళ్ళ ప్రదర్శన ఫొటోలు చూశాక వచ్చిన సందేహం. అన్నీ కు క్లక్స్ క్లాన్ (నల్లజాతివాళ్ళను భయపెట్టిన తెల్లవాళ్ళ రహస్య సంఘం) సామాన్లే: ఒక తెల్ల అంగీ, శంకు టోపీ, రెండు ఇత్తడి బిళ్ళలు, 1924 నాటి సభ్యత్వ కార్డులు ఆరు. అంగీని నిలువెత్తు బొమ్మకి తొడిగి పైనుంచి లైటు కొట్టారు. కార్డుల మీద మాత్రం పేర్లు కనపడకుండా నల్ల పట్టీలు. పేరు తీసేశాక కార్డులో మిగిలేది అచ్చు కాగితమే కదా! ఆ పేర్లున్నవాళ్ళు పోయి ఎన్నేళ్ళయిందో. ఇప్పుడు ఎవర్ని కాపాడుతున్నట్టు? ఇది మ్యూజియంల పద్ధతా, ఊళ్ళో పెద్దకుటుంబాలంటే మొహమాటమా?

కాగితంపులి
రెండూను.

భోషాణం
పద్ధతి అంటూ ఒకటి లేదు, చోటుని బట్టి మారుతుంది. 1995లో ఇండియానాలోని నోబుల్స్‌విల్‌లో ఒక పాత కొట్టంలో ట్రంకుపెట్టె బయటపడింది. అందులో 1920ల నాటి క్లాన్ సామాన్లు, వాటితోపాటు వెయ్యిమందికి పైగా పేర్లున్న సభ్యత్వ కాగితాలు. అవి హామిల్టన్ కౌంటీ హిస్టారికల్ సొసైటీకి చేరాయి. పేర్లు బయటపెట్టాలా వద్దా అని ఊరంతా వాదించుకుంది. చివరికి సామాన్లు చూపించారు కానీ పేర్లు అందరి ముందూ పరచలేదు.

డెన్వర్‌లో దీనికి పూర్తిగా ఎదురు. హిస్టరీ కొలరాడో సంస్థ దగ్గర 1924-26 నాటి క్లాన్ సభ్యత్వ లెడ్జర్లున్నాయి, సుమారు 30,000 నమోదులు. 2021లో ప్రతి పేజీ స్కాన్ చేసి, పేర్లతో సహా, అందరూ చూసేలా ఆన్‌లైన్‌లో పెట్టేశారు. నల్ల పట్టీ ఒక్కటీ లేదు.

గోదారిగట్టు
అదే నేనంటున్నది. డెన్వర్‌కి లేని భయం ఈ కౌంటీకి ఎందుకు?

కాగితంపులి
డెన్వర్ మహానగరం. 30,000 పేర్లలో ఒక పేరు కనపడితే అది చరిత్ర. 1,000 కార్డులున్న చిన్న ఊళ్ళో అదే ఇంటిపేరుతో ఇప్పటికీ కిరాణా కొట్టుంటుంది, లాయరు బోర్డుంటుంది. పైగా సొసైటీని నడిపేది ఆ ఊరివాళ్ళు ఇచ్చే చందాలే.

డెన్వర్‌లో పేర్లు చెప్పడానికి ఇంకో అవసరం కూడా ఉంది. మేయర్ బెంజమిన్ స్టేపుల్టన్ క్లాన్ సభ్యుడు, గవర్నర్ క్లారెన్స్ మోర్లీ క్లాన్ మనిషి. స్టేపుల్టన్ పేరుమీద పెద్ద కాలనీయే ఉండేది, 2020లో దాన్ని సెంట్రల్ పార్క్ అని మార్చారు. పేర్లు దాచిన లెడ్జర్‌తో ఊరికి ఆ సంగతి ఎలా చెబుతారు?

తాలూకాఆఫీసు
చట్టం సంగతి కూడా చూడండి. 1923లో న్యూయార్క్ రాష్ట్రం వాకర్ చట్టం తెచ్చింది. 20 మంది, అంతకు మించి సభ్యులుండి ప్రమాణం చేయించుకునే సంఘం ఏదైనా తన నియమావళి, ప్రమాణ పాఠం, సభ్యుల జాబితా ప్రభుత్వానికి ఇవ్వాలి. కార్మిక సంఘాలకు, మరికొన్ని సోదర సంఘాలకు మినహాయింపు. గురి ఎవరిమీదో అందరికీ తెలుసు. ఆ రాష్ట్రంలోని బఫెలో నగరపు క్లాన్ సభ్యుడొకడు దీనిమీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1928లో ఓడిపోయాడు. 1958లో మాత్రం అదే కోర్టు, అలబామా ప్రభుత్వం నల్లజాతివారి హక్కుల సంఘం ఎన్.ఏ.ఏ.సి.పి. సభ్యుల జాబితా అడిగితే ఇవ్వక్కర్లేదంది. ఒకటి జనాన్ని భయపెట్టే సంఘం, రెండోది భయపెట్టబడే జనం సంఘం. ఈ తేడా ఒప్పుకుంటే నల్ల పట్టీకి చట్టబలం ఏమీ మిగలదు. అది మ్యూజియం సొంత నిర్ణయం.

వాడరేవు
అయితే పట్టీలు పీకేయమంటారా?

తాలూకాఆఫీసు
నేనలా అనలేదు. చట్టం పేరు చెప్పి తప్పించుకోవద్దు అంటున్నాను.

భోషాణం
పీకేముందు అసలా కాగితం ఏమిటో చూడాలి. "సభ్యత్వ కార్డు" అని బోర్డు పెట్టిన ప్రతిదీ సభ్యత్వాన్ని రుజువు చెయ్యదు. కనీసం నాలుగు రకాలుంటాయి.

దరఖాస్తు: చేరాలనుకున్నాడు, అంతవరకే. చేర్చుకున్నారో లేదో దీన్నిబట్టి చెప్పలేం.
రసీదు: ప్రవేశ రుసుము 10 డాలర్లు కట్టాడు. ఇది గట్టి ఆధారం.
చందా కార్డు: చేరడమే కాదు, ఫలానా తేదీ వరకు డబ్బు కడుతూ కొనసాగాడు. ఇది ఇంకా గట్టిది.
జాబితా: ఎవరు రాశారన్నదాన్నిబట్టి. క్లాన్ గుమాస్తా రాసిన లెడ్జర్ ఒకటి, శత్రువులు అచ్చేసిన జాబితా వేరొకటి.

ఈ చివరిదానికి ఒక గట్టి ఉదాహరణ ఉంది. 1922లో షికాగోలో అమెరికన్ యూనిటీ లీగ్ వాళ్ళు టాలరెన్స్ అనే పత్రిక పెట్టి క్లాన్ సభ్యుల పేర్లు వరసగా అచ్చేశారు. చూయింగ్ గమ్ కంపెనీ రిగ్లీ పేరు కూడా వేశారు. దరఖాస్తుమీద సంతకం ఫోర్జరీ అని ఆయన దావా వేశాడు. ఆ పత్రిక కాగితం ఈరోజు మీ చేతికొస్తే "రిగ్లీ క్లాన్ సభ్యుడు" అని కేటలాగ్‌లో రాస్తారా?

గోదారిగట్టు
రాయం. కానీ నేను చూసినవి కార్డులు, పత్రిక కాదు.

భోషాణం
కార్డుమీద సంఖ్య ఉందా, గుమాస్తా సంతకం ఉందా, స్థానిక శాఖ ముద్ర ఉందా? మూడూ ఉంటే పేరును 1920, 1930 జనాభా లెక్కలతో, ఊరి డైరెక్టరీతో సరిచూడొచ్చు. అమెరికాలో జనాభా లెక్కల వ్యక్తిగత వివరాలు 72 ఏళ్ళకి బయటికొస్తాయి, 1950వి 2022లో వచ్చేశాయి. ఒకే పేరున్న ఇద్దరు ఊళ్ళో ఉంటే చిరునామా కలిసేదాకా లేబుల్‌మీద పేరు వేయకూడదు.

రైన్‌తీరం
జర్మనీ వాళ్ళకి దీనిమీద ఒక లెక్కుంది. నాజీ పార్టీ సభ్యత్వ కార్డులు కోటికి పైగా. 1945లో వాటిని గుజ్జు చెయ్యమని మ్యూనిక్ దగ్గర ఫ్రైమాన్‌లో ఒక కాగితపు మిల్లుకి పంపితే మిల్లు యజమాని చెయ్యలేదు. తర్వాత అవి అమెరికన్ల చేతిలో బెర్లిన్ డాక్యుమెంట్ సెంటర్‌గా ఉండి, 1994లో జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్‌కి వెళ్ళాయి. అక్కడ వ్యక్తిగత ఫైలు సాధారణంగా మనిషి పోయిన 10 ఏళ్ళకి తెరుస్తారు. పోయిన తేదీ తెలియకపోతే పుట్టిన 100 ఏళ్ళకి. పెద్దింటివాడా చిన్నింటివాడా అని చూడరు. చిన్న మ్యూజియంకి ఇలాంటి గీత ఒకటి రాసి పెట్టుకుంటే చాలు, ప్రతి కార్డుకీ పంచాయితీ ఉండదు.

కాగితంపులి
ఇది బాగుంది. ఆ లెక్కన 1924లో 21 ఏళ్ళున్నవాడు 1903లో పుట్టాడు. 2003కే తెరుచుకున్నట్టు.

చిట్టివలస
కార్డుమీద పట్టీ నేరుగా అంటించారా? జిగురు ఉంటే అది వేరే నేరం.

గోదారిగట్టు
ఫొటో పెద్దది చేసి చూశా. పట్టీ కింద నీడ పడుతోంది, పైన ప్లాస్టిక్ తొడుగు లాంటిదేదో ఉంది.

చిట్టివలస
అయితే పాలియెస్టర్ ఫిల్మ్ తొడుగు, దానిమీద పట్టీ. ఫరవాలేదు. తొడుగు రెండువైపులా తెరిచి ఉండాలి, నాలుగువైపులా మూస్తే ఆమ్లపు ఆవిరి లోపలే నిలిచి కార్డు ఇంకా త్వరగా పచ్చబడుతుంది. పీవీసీ తొడుగు మాత్రం వద్దు. అసలు ప్రదర్శనలో నకలు పెట్టి, అసలు కార్డు చీకట్లో ఉంచడం మేలు. 1920ల చవక కార్డు, ఊదారంగు రబ్బరు స్టాంపు సిరా, ఈ రెండూ వెలుగుకి ఆగవు. ముందు ఎగిరిపోయేది స్టాంపు ముద్రే. భోషాణంగారు చెప్పిన ఆధారమంతా అందులోనే ఉంది.

వాడరేవు
10 డాలర్లంటే ఆరోజుల్లో ఎక్కువే కదా. ఆ డబ్బంతా ఎక్కడికి పోయేది?

భోషాణం
అదే అసలు కథ. 1915లో జార్జియాలోని స్టోన్ మౌంటెన్ కొండమీద విలియం సిమన్స్ క్లాన్‌ని మళ్ళీ మొదలుపెట్టినా ఐదేళ్ళు పెద్దగా పెరగలేదు. 1920లో ఎడ్వర్డ్ యంగ్ క్లార్క్, ఎలిజబెత్ టైలర్ అనే ఇద్దరు ప్రచార వ్యాపారులొచ్చారు. 10 డాలర్లలో చేర్పించిన ఏజెంటుకి 4, అతని పై రాష్ట్ర ఏజెంటుకి 1, ఆపై ప్రాంతీయాధికారికి అర డాలరు, క్లార్క్ వాటా రెండున్నర, మిగిలిన 2 సిమన్స్ ఖజానాకి. అంగీకి విడిగా ఆరున్నర డాలర్లు. దాని తయారీ ఖర్చు అంతకన్నా చాలా తక్కువ. ద్వేషం కమీషన్ మీద అమ్మారు. అందుకే నా మటుకు నాకు ప్రదర్శన మధ్యలో ఉండాల్సింది అంగీ కాదు, రసీదు.

గొలుసుకట్టు
మన దగ్గర గొలుసుకట్టు స్కీములవాళ్ళు వీళ్ళ దగ్గరే నేర్చుకున్నట్టున్నారు 😄 (నా పేరు దాన్నిబట్టి పెట్టుకోలేదు, అది చేతిరాత గొలుసుకట్టు)

నాణెంరావు
కార్డుల సంగతి తేల్చారు, బిళ్ళల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ రెండు ఇత్తడి బిళ్ళలు అసలువని ఎవరు చెప్పారు? క్లాన్ వస్తువుల్లో నకిలీలు ఎక్కువ. "నకిలీ" అన్నా సరిపోదు, చాలావరకు ఎప్పుడూ లేనివాటిని కొత్తగా పుట్టించారు: బెల్టు బకిళ్ళు, చాకులు, గడియారాలు. నకలు తీయడానికి అసలు నమూనానే లేదు.

బిళ్ళ చేతికొస్తే వరసగా:
1. బరువు 0.01 గ్రాము వరకు, వ్యాసం, మందం రాసుకోవాలి.
2. పది రెట్ల భూతద్దంతో అంచు చూడాలి. చుట్టూ సన్నని అతుకు గీత ఉంటే పోతపోసింది. 1920ల బిళ్ళలు మామూలుగా అచ్చుతో కొట్టినవి.
3. అక్షరాల పక్కన నేలభాగం చూడాలి. గుల్లలు, బుడగల గుంటలుంటే పోత. కొట్టిన బిళ్ళలో అక్షరం అంచు పదునుగా లేస్తుంది.
4. అరుగుదల ఎక్కడుంది? జేబులో నలిగింది ఎత్తైన భాగాల్లో అరిగి పల్లంలో మురికి నిలుస్తుంది. రసాయనంతో ముసలిదాన్ని చేస్తే అంతటా ఒకే నలుపు.

ఇక సెంటు నాణెం మీద కె.కె.కె. అని మూడు అక్షరాలు గుద్ది అమ్మేవి ఉన్నాయి. నాణెం మీది సంవత్సరం చెప్పేది ఒకటే, అంతకుముందు గుద్దలేదని. 1919 నాణెం మీద నిన్న సాయంత్రం కూడా గుద్దొచ్చు. గుద్దిన పల్లంలో లోహం మెరుస్తూ చుట్టూ పాతబడి ఉంటే ఇక చూడక్కర్లేదు.

పటమటలంక
చిలుము పట్టి ఉంటే ఏం చెయ్యాలి? అక్షరాలు చదవలేకపోతే?

నాణెంరావు
దేవుడి సామాన్లు కాదుగా, చింతపండుతో తోమకండి. పీతాంబరి అసలే వద్దు. పక్కవాటంగా లైటు పెట్టి నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫొటోలు తీస్తే చదవొచ్చు. మెత్తగా జిగటగా ఉన్న పచ్చదనం పీవీసీ పౌచ్ వల్ల వచ్చింది. పౌచ్ మార్చి కన్జర్వేటర్‌కి, అంటే పాత వస్తువుల్ని కాపాడే నిపుణుడికి, చూపించాలి. గట్టిగా పొడిగా ఉన్నదాన్ని కదపక్కర్లేదు.

నేతిబొట్టు
టోపీ, అంగీ కాలం గుర్తించడం గురించి ఎవరైనా చెబుతారా? "1868 నాటి అసలు అంగీ" అని అమ్మకాల్లో తెగ కనిపిస్తాయి.

మగ్గంగుంట
తెల్లది, గుండెమీద ఎర్ర గుండ్రంలో తెల్ల శిలువ ఉంటే 1868ది కాదు. మొదటి క్లాన్ 1865 చివర్లో టెనెసీలోని పులాస్కీలో పుట్టింది. దానికి యూనిఫాం లేదు. ఇళ్ళలో కుట్టుకున్న రంగురంగుల వేషాలు, కొమ్ములు, గడ్డాలు, ముఖాలకు గుడ్డ ముసుగులు. వాటిలో మిగిలినవి చాలా తక్కువ. అందరూ ఒకే రకంగా తొడిగిన తెల్ల అంగీ 1915 తర్వాతది, కేటలాగ్ చూసి ఆర్డరిచ్చి అట్లాంటా నుంచి తెప్పించుకున్నది. 1928లో ముసుగు తీసెయ్యమని క్లాన్ నాయకుడు ఇవాన్సే ఆదేశించాడు కాబట్టి టోపీకి ముఖం ముక్క లేకపోతే అది చిరిగిపోయిందనే అనుకోకండి, తీసేసి ఉండొచ్చు. కుట్టు రంధ్రాలో బొత్తాం గుర్తులో మిగిలాయేమో వెతకాలి.

గుడ్డ పరీక్ష: మిషన్ కుట్టు ఉందంటే కొత్తదని కాదు, 1850లకే కుట్టుమిషన్లున్నాయి. పాలియెస్టర్ దారం కనపడితే 1950ల తర్వాతిది, లేదా తర్వాత రిపేరు చేసింది. రెంటికీ తేడా తెలియాలంటే ఒక్క కుట్టు చూసి చెప్పకూడదు, కనీసం మూడు నాలుగు చోట్ల చూడాలి. యూవీ టార్చి వేస్తే నీలంగా మెరిసిపోతే తెల్లదనం పెంచే రసాయనం ఉన్నట్టు, అదీ 1950ల నుంచే ఎక్కువ. కానీ జాగ్రత్త, 1924 అంగీని మనవరాలు 1970లో డిటర్జెంటులో ఉతికినా అలాగే మెరుస్తుంది. మడత లోపల, కుట్టు లోపల కూడా మెరుస్తోందా చూడండి. దారం తీసి కాల్చి వాసన చూడ్డం మాత్రం వద్దు, అది మ్యూజియం వస్తువు.

నేతిబొట్టు
ధన్యవాదాలు. మరకలుంటే?

మగ్గంగుంట
ఉతకొద్దు. మట్టి, మసి, చెమట, కిరోసిన్ మరక, ఇవే ఆ అంగీ ఎక్కడెక్కడికి వెళ్ళిందో చెప్పేవి. ఫొటో తీసి, కొలిచి, మరక ఎక్కడుందో బొమ్మ గీసి ఫైల్లో పెట్టండి.

పురుగు అనుమానం ఉంటే పాలిథిన్‌లో గాలి తీసి మూసి -20 డిగ్రీల దగ్గర రెండు వారాలు. బయటికి తీశాక 24 గంటలు సంచి విప్పకూడదు, విప్పితే చెమ్మ గుడ్డమీదే చేరుతుంది. ముందే బ్యాడ్జీలు, సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) బొత్తాలు ఊడతీసి పక్కన పెట్టాలి. ఊడదీయలేకపోతే ఫ్రీజర్ ఆలోచన మానుకోండి. కలరా ఉండలు అసలే వద్దు.

మడతల్లో ఆమ్లరహిత టిష్యూ చుట్టలు పెట్టి పెట్టెలో పడుకోబెట్టడం మేలు. కాటన్‌కి క్షారం కలిపిన టిష్యూ పనికొస్తుంది. శాటిన్, సిల్కు ఉంటే క్షారం లేనిది. ఏ గుడ్డో తెలియకపోతే లేనిదే వాడాలి.

గోదారిగట్టు
బొమ్మకి తొడగడం తప్పా మరి?

మగ్గంగుంట
గుడ్డకైతే తప్పే. బరువంతా భుజం కుట్లమీద పడుతుంది. దీపం 50 లక్స్ (వెలుతురు కొలత) మించకూడదు, అదీ కొన్ని నెలలే. పైనుంచి స్పాట్ అంటే ఎర్ర శిలువ గుండ్రం ముందు వెలిసిపోతుంది.

చూపు సంగతి వేరు. బొమ్మకి తొడిగి నిలబెడితే అది మళ్ళీ లేచి నిలబడ్డ మనిషి. తొడుక్కున్నవాడు కోరుకున్నదే మనం మళ్ళీ చేసి పెడుతున్నాం. వాలు బల్లమీద ఖాళీగా, మడతలు కనపడేలా, చేతులు పక్కకి పెట్టి పడుకోబెడితే అది బట్ట. బట్టగా చూస్తేనే కుట్టు, ధర, కొలత కనపడతాయి.

కాగితంపులి
ఇక్కడ నేను ఒప్పుకోను. ఎదురుగా వాళ్ళను చూసినవాళ్ళకి అది బట్టలా కనపడలేదు. పడుకోబెడితే భయం మాయమై దుకాణంలో చొక్కాలా ఉంటుంది. చూసేవాడికి ఆ ఎత్తు తెలియాలి.

మగ్గంగుంట
ఎత్తు తెలియాలంటే పక్కన ఆ ఊళ్ళో ఊరేగింపు ఫొటో పెట్టండి, కింద ఎవరి ఇంటిమీదకెళ్ళారో రాయండి. భయపడ్డవాళ్ళ మాట పక్కనుంటే బొమ్మ అవసరం లేదు.

పటమటలంక
మిషిగన్‌లో ఫెరిస్ స్టేట్ యూనివర్సిటీ జిమ్ క్రో (నల్లజాతివారిని వేరుగా ఉంచిన చట్టాల పేరు) మ్యూజియంలో క్లాన్ అంగీ ఉంది, దాన్ని డేవిడ్ పిల్‌గ్రిమ్ ఇలాంటి ద్వేషపు వస్తువులతో పాఠం చెప్పడానికే పెట్టారు. వాషింగ్టన్‌లో 2016లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలోనూ క్లాన్ టోపీ ఉంది. ఆ రెండు చోట్లా దాని చుట్టూ ఉన్న గదంతా బాధితుల కథ. చిన్న మ్యూజియంలో చుట్టూ ఏమీ లేకుండా అంగీ ఒక్కటే లైటు కింద ఉంటే అది వింత వస్తువే అవుతుంది.

వాడరేవు
ఇవి కొనడం సబబేనా? వేలంలో మ్యూజియం పాడితే రేటు పెరుగుతుంది కదా.

భోషాణం
పెరుగుతుంది. ఈబే 2001లోనే క్లాన్, నాజీ సామాన్ల అమ్మకం నిషేధించింది, సరుకు మిగతా వేలాలకి తరలింది. విరాళం వస్తే తీసుకోవడం, ఊరికి సంబంధం లేని వస్తువు కొనకపోవడం, ఇదే ఎక్కువమంది పాటించేది. దాత పేరు బయటపెట్టొద్దంటే లేబుల్‌మీద వేయనక్కర్లేదు, కానీ బదిలీ పత్రంలో పేరు, సంతకం ఉండి తీరాలి. "ఎవరో గుమ్మం దగ్గర వదిలేశారు" అన్న వస్తువుకి చరిత్ర సగం పోయినట్టే.

రాతబల్ల
కేటలాగ్ చేసేవాళ్ళకి ఒక మాట. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ విషయ సూచికలో క్లాన్‌కి రెండు శీర్షికలున్నాయి, 19వ శతాబ్దానిది వేరు, 1915 నుంచి వచ్చింది వేరు. రెండూ కలిపేస్తే వెతికేవాడికి ఏదీ దొరకదు. మహిళల క్లాన్ 1923లో లిటిల్ రాక్‌లో మొదలైంది, దాని కార్డులను మగవాళ్ళ కార్డుల్లో కలపకండి. చిరునామాలో జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఉంటే ఆ కార్డు 1963 తర్వాతిది, దాతగారు "తాతయ్యది, 1925" అన్నా సరే.

ఇంకో ఉచ్చు: 1960ల పోస్టుకార్డులు కొన్నుంటాయి, ముసుగుమనిషి బొమ్మ, "నువ్వెవరో మాకు తెలుసు" అనే అర్థంతో అచ్చు. బెదిరింపు కార్డు, క్లాన్ తయారీ అని రాసేస్తారు. అది అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తయారుచేసి క్లాన్ సభ్యులకే పంపింది. 1964లో క్లాన్ మీద మొదలుపెట్టిన రహస్య కార్యక్రమంలో భాగం.

గొలుసుకట్టు
ఎఫ్‌బీఐ వాళ్ళకి పోస్టేజీ ఖర్చు కూడానా 😂

నేతిబొట్టు
సెల్యులాయిడ్ బ్యాడ్జీ అని ఎలా తెలుస్తుంది? మగ్గంగుంటగారు పక్కన పెట్టమన్నారు, పక్కన అంటే ఎక్కడ?

చిట్టివలస
మెల్లగా వేలితో రుద్ది వాసన చూస్తే కర్పూరం వాసన వస్తుంది, సెల్యులాయిడ్‌లో కలిపేది అదే. వయసు మీరితే ఆమ్లపు ఆవిరి వదులుతుంది, దాంతో పక్కనున్న ఇత్తడి బిళ్ళ, కార్డు రెండూ పాడవుతాయి. అందుకే గాలి ఆడే అట్టపెట్టెలో విడిగా, చల్లగా. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో మాత్రం వద్దు. వెనక సూది తుప్పు పడుతుంటే ఆ గది తేమ 50 శాతం దాటుతోందేమో చూడండి. పసుపు తిరిగి చిట్లడం మొదలైతే ఫొటో తీసి మిగతా సేకరణకి దూరంగా పెట్టండి, అగ్గికి త్వరగా అంటుకునే సరుకది.

రాతబల్ల
పెట్టెమీద పైన "క్లాన్ అంగీ" అని పెద్దక్షరాలు రాయకండి. నమోదు సంఖ్య, "తెరిచేముందు ఫైలు చూడండి" అని చాలు. గోదాంలో తెలియక మూత తీసేది నల్లజాతి వాలంటీరు కావచ్చు.

కాగితంపులి
సంఖ్య మాత్రమే రాస్తే ఎవరు ఫైలు చూస్తారు, తెరిచేస్తారు. "హాని కలిగించే వస్తువు" అని కూడా రాయాలి.

రాతబల్ల
సరే, అదీ రాయండి. పెన్సిలుతో, అట్ట పెట్టెమీదే, టేపు లేకుండా.